తద్దినం పెట్టేటప్పుడు: విధి ఏది, ఇంటి ఆనవాయితీ ఏది, మన శ్రద్ధ ఏది

తద్దినం నెలరోజుల్లోకి వచ్చిందంటే చాలా ఇళ్లలో ఫోన్లు మొదలవుతాయి. పెద్దన్నయ్య "నాన్నగారు ఎలా పెట్టేవారో అలాగే జరగాలి" అంటాడు. డాలస్‌లో ఉన్న తమ్ముడు "ఇక్కడ భోక్తలుగా కూర్చునే బ్రాహ్మణులు దొరకరు, నా వాటా పంపిస్తాను, నువ్వే కానిచ్చెయ్" అంటాడు. చెల్లెలు "ఆ ఖర్చుతో పదిమంది ఆకలిగొన్నవాళ్లకి అన్నం పెడితే అమ్మ సంతోషించదా" అంటుంది. ముగ్గురి మాటా ప్రేమతో వచ్చిందే. అయితే ఒకరు ఆనవాయితీ గురించి, ఒకరు విధి గురించి, ఒకరు మనసు గురించి మాట్లాడుతూ అందరూ ఒకే విషయం మాట్లాడుతున్నామనుకుంటారు. ఎవరూ తగ్గరు. చివరికి తద్దినం నాటికి ముఖాలు ముడుచుకుని కూర్చుంటారు.

ఈ మూడింటినీ విడదీసుకుంటే తద్దినం పెట్టడం తేలికవుతుంది. ఏది వదలకూడదో, దేన్ని తగ్గించుకోవచ్చో, ఏది ఎవరినీ అడగక్కర్లేకుండా మన ఇష్టమో ముందే తేల్చుకోవాలి. ఆ పని చేసే పద్ధతి ఇది.

ఏ మాట ఎంతవరకు చెల్లుతుంది

ధర్మానికి ఆధారాలు నాలుగని మనుస్మృతి రెండో అధ్యాయం (6, 12 శ్లోకాలు) చెబుతుంది: వేదం, స్మృతి, సజ్జనుల ఆచారం, తన మనసుకు ప్రియమైనది. యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయం 7వ శ్లోకంలోనూ ఈ నాలుగూ ఉన్నాయి. వీటిలో ముందుదానిది పైచేయి. వేదానికీ స్మృతికీ పేచీ వస్తే వేదం, స్మృతికీ ఆచారానికీ పేచీ వస్తే స్మృతి నిలుస్తాయి.

నాలుగోదాన్ని చాలామంది తమకు అనుకూలంగా వాడేసుకుంటారు. "నా మనస్సాక్షి ఒప్పుకోలేదు, మానేశాను" అంటారు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు దానికి హద్దు గీశాడు: శాస్త్రమే రెండు దారులు చూపించిన చోట నీకు నచ్చింది ఎంచుకో అని. ఉపనయనం గర్భం నుంచి ఎనిమిదో ఏటా, పుట్టిన దగ్గర్నుంచి ఎనిమిదో ఏటా అన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ. తద్దినం విషయంలో ఇలాంటి రెండు దారులు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ ఉన్నాయి. అవి తెలియక కొందరు మొత్తం మానేస్తున్నారు, కొందరు అప్పుచేసి పెడుతున్నారు.

ఆచారం కదలనిది అనుకోవడమూ పొరపాటే. మనుస్మృతి మూడో అధ్యాయంలో శ్రాద్ధానికి ఏ మాంసం పెడితే పితృదేవతలకు ఎన్ని నెలల తృప్తో లెక్కలున్నాయి. తరవాతి ధర్మశాస్త్రాలు శ్రాద్ధమాంసాన్ని కలియుగంలో వదలాల్సిన వాటిలో చేర్చాయి. ధర్మమే అయినా లోకం అసహ్యించుకునేది చేయవద్దని యాజ్ఞవల్క్యుడు (1.156) చెప్పనే చెప్పాడు. అదే సమయంలో తెలుగునాట ఎన్నో ఇళ్లలో పెద్దల అమావాస్యకి చనిపోయిన వాళ్లకి ఇష్టమైన కోడికూర, కల్లు పెట్టడం సజీవంగా ఉంది. అది ఆ ఇంటి ఆచారం. ఒకరి ఆచారంతో ఇంకొకరి ఆచారాన్ని కొలవడానికి శాస్త్రంలో ఎక్కడా అనుమతి లేదు.

మొదటి పని: కాగితం మీద మూడు గుర్తులు

మీ ఇంట్లో తద్దినానికి జరిగేవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కదాని పక్కన "వి" (విధి), "ఆ" (ఆచారం), "శ్ర" (శ్రద్ధ) అని గుర్తు పెట్టండి. తిథి, నువ్వులు-నీళ్లు, భోక్తలకు భోజనం, పిండప్రదానం, దక్షిణ: ఇవి విధి. ఫలానా కూరే ఉండాలి, గారెలు ఇన్ని వేయాలి, వాకిట్లో ముగ్గు వేయకూడదు, నిత్యపూజ తద్దినం ముందా తరవాతా: ఇవి ఆచారం. ఫోటోకి దండ, అమ్మకి ఇష్టమైన పిండివంట, ఆ రోజు ఎవరికైనా ఫీజు కట్టడం, కాసేపు మౌనంగా కూర్చోవడం: ఇవి శ్రద్ధ.

ఏదైనా గుర్తు తేలకపోతే రెండు ప్రశ్నలు వేసుకోండి. పక్క ఊళ్లో మన సూత్రం (ఇంటి కర్మలకు ఏ ఋషి చెప్పిన పద్ధతి పాటిస్తామో అది) వాళ్లే వేరేగా చేస్తున్నారా? అయితే అది ఆచారం. పురోహితుణ్ణి అడిగితే "ఇది లేకపోతే తద్దినం అయినట్టు కాదు" అంటారా? అయితే అది విధి. పురోహితుడికి మీ గోత్రంతో పాటు సూత్రం కూడా చెప్పాలి. తెలుగు వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది ఆపస్తంబ సూత్రం. ఆశ్వలాయన, కాత్యాయన సూత్రాల వాళ్లూ ఉన్నారు. పిండాలు మూడా, తల్లుల వరస విడిగా కలిపి ఆరా అన్నది దీన్నిబట్టే మారుతుంది.

ఇక పద్ధతి ఇది. "వి"ని వదలకూడదు, కానీ శాస్త్రం చెప్పిన మేరకు తగ్గించుకోవచ్చు. "ఆ" ఎవరికీ హాని చేయనంతకాలం, ఓపిక ఉన్నంతకాలం నడపాలి. భారమైనప్పుడు ముందు తగ్గాల్సింది అదే. "శ్ర" మీద ఎవరి పెత్తనమూ లేదు. అన్నయ్యకి లేదు, పురోహితుడికీ లేదు. అయితే అది విధికి తోడుగా వస్తుంది తప్ప విధి స్థానంలో కూర్చోదు. చెల్లెలు అన్న అన్నదానం తప్పకుండా చేయాలి, తద్దినంతో పాటు.

తిథి పట్టుకోవడం

ఎక్కువ తప్పులు ఇక్కడే. చనిపోయిన తేదీ కాదు, ఆ క్షణానికి నడుస్తున్న తిథి కావాలి. చాంద్రమానంలో మాసం, పక్షం, తిథి మూడూ రాసుకోవాలి. తిథి అర్ధరాత్రి మారదు, సూర్యోదయానికీ మారదు. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా మారుతుంది. ఒక తిథి సుమారు 20 నుంచి 27 గంటలదాకా నడుస్తుంది. క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో కనిపించేది సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథి. రాత్రి పదింటికి పోయినవారికి ఆ గడిలోని తిథి రాసేసుకుంటే జీవితాంతం ఒక రోజు తేడాతో పెడుతూ ఉంటారు. ఆసుపత్రి కాగితం మీద ఉన్న సమయం చూసి, పంచాంగంలో తిథి ఎన్ని గంటలదాకా ఉందో సరిపోల్చండి.

ప్రతి ఏడూ తద్దినం ఏ రోజున పెట్టాలన్నది వేరే లెక్క. ఆ తిథి అపరాహ్ణ కాలంలో ఉండాలి. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. ఉదాహరణకి సూర్యోదయం 5.45, అస్తమయం 6.51 అనుకోండి. పగలు 786 నిమిషాలు, ఒక్కో భాగం 157 నిమిషాల పైచిలుకు. అపరాహ్ణం మధ్యాహ్నం 1.37 నుంచి 4.14 దాకా. అదే పగటిని పదిహేను ముహూర్తాలు చేస్తే ఎనిమిదోది కుతపం, ఈ లెక్కలో 11.52 నుంచి 12.44. పని కుతపంలో మొదలుపెట్టి అపరాహ్ణంలో సాగించాలి. ఆఫీసుకి వెళ్లాలని ఉదయం తొమ్మిదికల్లా ముగించే తద్దినాలు ఈ లెక్కకి నిలవవు. రెండు రోజులూ అపరాహ్ణానికి తిథి తగిలినా, ఏ రోజూ తగలకపోయినా సొంతంగా తేల్చుకోకుండా పంచాంగంలో ఇచ్చే శ్రాద్ధతిథి చూడండి, లేదా పురోహితుణ్ణి అడగండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. మరణతిథి ఒక క్షణం నాటిది కాబట్టి ప్రపంచమంతటా ఒకటే. కానీ ఏటా పెట్టే రోజు మాత్రం మీరున్న ఊరి అపరాహ్ణాన్నిబట్టి వస్తుంది. తిథి హైదరాబాద్‌లో సోమవారం సాయంత్రం 6 నుంచి మంగళవారం సాయంత్రం 5 దాకా ఉందనుకోండి. హైదరాబాద్‌లో అన్నయ్య మంగళవారం పెడతాడు. డాలస్‌లో వేసవి సమయం ప్రకారం అదే తిథి సోమవారం ఉదయం 7.30 నుంచి మంగళవారం ఉదయం 6.30 దాకా, కాబట్టి తమ్ముడు సోమవారం పెట్టాలి. ఇద్దరూ సరిగ్గానే పెట్టినట్టు. హైదరాబాద్ పంచాంగం చూసి డాలస్‌లో పెడితే తిథి దాటిపోతుంది.

అధికమాసం వచ్చిన ఏడు (2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం) మామూలుగా నిజమాసంలోనే (అధికమాసం తరవాత అదే పేరుతో వచ్చే అసలు నెలలో) పెడతారు. రెంటిలోనూ పెట్టే ఇళ్లూ ఉన్నాయి, అది ఆచారం కిందికి వస్తుంది. నెల తెలిసి తిథి తెలియకపోతే ఆ నెల అమావాస్య. తద్దినం నాటికి పురుడో మైలో వస్తే అది తీరిన మర్నాడు. జబ్బుచేసో మర్చిపోయో తప్పిపోతే ఆపై వచ్చే బహుళ ఏకాదశి గానీ అమావాస్య గానీ. ఇవన్నీ శాస్త్రం ఇచ్చిన దారులే కాబట్టి, తప్పిపోయిందని కుమిలిపోయి ఆ ఏడుకి వదిలేయకండి.

ఎంత పెద్దగా పెట్టాలి

భోక్తలు దేవతల (విశ్వేదేవుల) తరఫున ఇద్దరు, పితృదేవతల తరఫున ముగ్గురు, లేదా ఒక్కొక్కరే చాలని మనువు (3.125) అంటాడు. ఎంత ఉన్నవాడైనా హంగు పెంచవద్దన్నది కూడా ఆ శ్లోకంలోని మాటే. ఆ తరవాతి శ్లోకంలో కారణం చెప్పాడు: విస్తరిస్తే ఆదరణ, చోటు, వేళ, శుచి, భోక్తల యోగ్యత అనే అయిదూ చెడతాయి. యాభైమంది బంధువుల్ని పిలిచిన తద్దినాన్ని గమనించండి, అయిదూ అదే వరసలో చెడడం కనిపిస్తుంది. మన దగ్గర విశ్వేదేవ, పితృస్థానాలకు ఒక్కొక్కరు, విష్ణుస్థానానికి ఇంకొకరు ఉండడం వాడుక. అంతకు మించి అక్కర్లేదు.

అన్నశ్రాద్ధం (వండి పెట్టడం) కుదరనప్పుడు ఆమశ్రాద్ధం, అంటే వండని సరుకులు ఇవ్వడం. మనవాళ్లు స్వయంపాకం అంటారు. ఇది అపరాహ్ణంలో కాదు, ఉదయం వేళ చేయాలి. ఒకరు తినేదానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని నియమం. మనిషికి కిలో బియ్యం, పావుకిలో పెసరపప్పు, మూడు రకాల కూరలు, అరటికాయలు, బెల్లం, నెయ్యి, ఉప్పు, చింతపండు, మిరపకాయలు, పెరుగు, పళ్లు, తాంబూలం, దక్షిణ ఇస్తే ఏ లోటూ ఉండదు. అదీ కుదరకపోతే హిరణ్యశ్రాద్ధం, సరుకుల బదులు ధనం. దానికి భోజనం విలువకి నాలుగు రెట్లు.

ఏమీ లేనివాడి సంగతి విష్ణుపురాణం (మూడో అంశం, 14వ అధ్యాయం) చెబుతుంది. వేళ్ల కొసన పట్టినన్ని నువ్వులు, కాకపోతే ఏడెనిమిది నువ్వుగింజలతో నీళ్లు, కాకపోతే ఆవుకి ఒక రోజు మేత. అదీ చేతకాకపోతే అడవికి వెళ్లి, రెండు చేతులూ పైకెత్తి, "నా దగ్గర విత్తం లేదు, ధనం లేదు, శ్రాద్ధానికి పనికొచ్చేది ఏదీ లేదు, నా పితరులకు నమస్కరిస్తున్నాను, నా భక్తితో తృప్తి పొందుదురు గాక" అని సూర్యుడికీ లోకపాలకులకూ వినిపించమంది. ఇది కథ చెప్పి ఊరడించడం కాదు, వరసలో ఆఖరి మెట్టుగా పెట్టిన విధి. ఉద్యోగం పోయిన సంవత్సరం, ఆసుపత్రి ఖర్చుల సంవత్సరం వడ్డీకి తెచ్చి తద్దినం పెట్టేవాళ్లకి ఈ మెట్లు ఎవరో ఒకరు చెప్పాలి. ఉన్నవాడు పై మెట్టు వదిలి కిందికి దిగితే మాత్రం అది లోభమే.

గయలో పెట్టేశాం, పిఠాపురం పాదగయలో పెట్టేశాం, ఇక ఇంట్లో అక్కర్లేదనే మాట ఉంది. క్షేత్రశ్రాద్ధం ఏటేటా పెట్టే తద్దినాన్ని ఆపదు.

వంట: రుచి చూడకుండా సరిగ్గా రావాలంటే

తద్దినం వంట రుచి చూడకూడదు. అందుకే కొలతలు ముందే తేల్చుకోవాలి. గారెలకి అరకిలో మినప్పప్పు, మూడు నాలుగు గంటల నానబెట్టు, 15 గ్రాముల ఉప్పు. ముప్పై గారెల దాకా వస్తాయి. రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించాలే తప్ప పోయకూడదు. పిండి జారయితే గారె నూనె పీల్చుకుంటుంది. ఉప్పు కూడా ముందే కలిపితే పిండి నీరు విడుస్తుంది, వేయబోయే ముందు కలపండి. పరమాన్నానికి పావుకిలో బియ్యం, లీటరు పాలు, అరలీటరు నీళ్లు, 300 గ్రాముల బెల్లం. పాలు ఎక్కువగా విరిగిపోయేది ఒక్కచోటే: పొయ్యి మీద ఉడుకుతుండగా బెల్లం వేసినప్పుడు. దింపి పది నిమిషాలు ఆగి, విడిగా కరిగించి వడగట్టిన బెల్లం పాకం కలపండి. నల్లనువ్వులు 100 గ్రాములు, ఒక దర్భకట్ట, పిండాలకి విడిగా పావుకిలో బియ్యం వండుకుంటే సరిపోతుంది. పిండం వెలగపండంత.

ఉల్లి, వెల్లుల్లి, మునగ, మసూరపప్పు పనికిరావన్నది దాదాపు అంతటా ఉన్న మాట. అరటికాయ, కంద, చేమ, కాకర, పెసరపప్పు, అల్లం పచ్చడి, నువ్వుల పచ్చడి దాదాపు అన్ని చోట్లా నడుస్తాయి. ఇంగువ, పచ్చిమిర్చి, ఆవాలు వేయాలా వద్దా అన్నది ఇంటింటికీ మారుతుంది. బంగాళాదుంప, క్యాబేజీ, టమాటా వద్దనేది పరాయి కూరలు వచ్చాక ఏర్పడిన అలవాటు. విదేశంలో అరటికాయ దొరక్కపోతే దొరికిన దుంపతో వండడం ఆచారలోపమే తప్ప విధిలోపం కాదు. కోడళ్లు ఇద్దరూ రెండిళ్ల పద్ధతులతో వస్తారు కాబట్టి వంటింట్లో ఎవరి మాట చెల్లాలో ముందురోజే తేల్చండి. ఎవరింటి తద్దినమో ఆ ఇంటి ఆచారం చెల్లుతుంది.

ఆ రోజు

భోక్తలకు ముందురోజే చెప్పాలి. కర్త (తద్దినం పెట్టేవాడు), భోక్తలు ఇద్దరూ ముందురోజు రాత్రి పూర్తి భోజనం చేయరు, బ్రహ్మచర్యం పాటిస్తారు. మర్నాడు కాళ్లు కడగడానికి విశ్వేదేవ స్థానానికి చతురస్రంగా, పితృస్థానానికి గుండ్రంగా మండలాలు వేస్తారు. దేవకార్యానికి జంధ్యం సవ్యం (ఎడమ భుజం మీద), పితృకార్యానికి అపసవ్యం (కుడి భుజం మీద). పితరులకు నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి వదలాలి. పవిత్రం (వేలికి పెట్టుకునే దర్భ ఉంగరం) దేవకార్యానికి రెండు దర్భలతో, పితృకార్యానికి మూడింటితో. పురోహితుడు చెబుతూనే ఉంటాడు, అయినా కర్త ముందురోజు ఒకసారి మనసులో తిప్పుకుంటే జంధ్యం వెతుక్కుంటూ మంత్రం వదిలేసే అవస్థ ఉండదు.

తండ్రి తద్దినానికి తండ్రి, తాత, ముత్తాత. తల్లి తద్దినానికి తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ. వరసగా వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా పేరూ గోత్రమూ చెప్పాలి. ముత్తవ్వ పేరు తెలియక "యథా నామ్నీ" అని దాటేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఊళ్లో ఉన్న పెద్దమ్మకి ఒక్క ఫోన్ చేస్తే దొరికే పేరు అది. తద్దినానికి ముందు చేయదగిన పనుల్లో దీనికంటే విలువైనది తక్కువ.

అపార్ట్‌మెంట్‌లో, విదేశంలో పొగ అలారం ఉన్న ఇంట్లో హోమం ఎలా అని అడుగుతుంటారు. అగ్ని లేని పక్షంలో ఆ ఆహుతి బ్రాహ్మణుడి చేతిలోనే వేయమని మనువు (3.212) దారి ఇచ్చాడు. పిండాలు ఆవుకి పెట్టవచ్చు, నీళ్లలోనో అగ్నిలోనో వేయవచ్చు (3.260). నదిలో వేయకూడని ఊళ్లలో బకెట్ నీళ్లలో కరిగించి చెట్టు మొదట్లో పోయడం చాలామంది పాటిస్తున్న మార్గం. ప్లాస్టిక్ సంచితో కాలవలోకి విసరడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

భోక్తలు తింటుండగా "గారె ఎలా ఉంది" అని అడగకూడదు. అన్నం వేడిగా ఉన్నంతసేపు, తినేవారు మౌనంగా ఉన్నంతసేపు, రుచుల మాట ఎత్తనంతసేపే పితరులు తింటారని మనువు (3.237) చెప్పాడు. వడ్డన ఆలస్యమై అన్నం చల్లారడం తద్దినాల్లో తరచూ జరిగే లోపం. ఒకరు అచ్చంగా వడ్డనకే ఉండాలి.

శ్రాద్ధంలో మెచ్చదగినవి మూడని ఇంకో శ్లోకం (3.235): శుచి, కోపం లేకపోవడం, తొందర లేకపోవడం. మొదటిదాని కోసం మిగతా రెండూ పోగొట్టుకోవడం మన ఇళ్లలో రోజూ కనిపించే దృశ్యం. పసివాడు వచ్చి మడిబట్ట ముట్టుకుంటాడు. నాయనమ్మ అరుస్తుంది, వాడు ఏడుస్తాడు, తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. మడి మళ్లీ కట్టుకుంటే పోయేదానికి, శ్రాద్ధంలో రాకూడదన్న కోపమూ కన్నీరూ (3.229) రెండూ వచ్చేశాయి. ఇలాంటి చోట ఏది తగ్గాలో శాస్త్రమే చెప్పింది. పిల్లల్ని ఆ నాలుగు గంటలు వేరే గదిలో ఎవరో ఒకరు చూసుకునేలా ముందే ఏర్పాటు చేయండి.

ఆచారం ధర్మానికి అడ్డొచ్చే చోట్లు

పిండప్రదానం అయ్యేదాకా ఎవరికీ ఏమీ పెట్టకూడదన్నది బలమైన ఆచారం. సరిగ్గా ఒంటిగంటకి గుమ్మంలో ఆకలిగా ఎవరో నిలబడతారు. మనువు (3.243) స్పష్టంగా ఉన్నాడు: అన్నం కోసం వచ్చిన బ్రాహ్మణుణ్ణి గానీ భిక్షువును గానీ భోక్తల అనుమతి తీసుకుని శక్తికొద్దీ ఆదరించాలి. అందుకని శ్రాద్ధం వంటకి సంబంధం లేకుండా, వేరే పొయ్యి మీద ఉదయమే పులిహోరో పెరుగన్నమో కలిపి ఉంచండి. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవాళ్లకి, గర్భిణికి, పిల్లలకి కూడా అదే పనికొస్తుంది. అతిథులకంటే ముందే వీళ్లకి ఆలోచించకుండా పెట్టమని గృహస్థధర్మంలో (3.114) ఉంది. కర్తకే షుగర్ ఉంటే మందు, నీళ్లు, పాలు, పండు తీసుకోవచ్చు. వ్రతం చెడగొట్టనివి ఎనిమిదని మహాభారతం చెప్పిన వాటిలో ఈ నాలుగూ ఉన్నాయి. మాత్ర మానేసి మూడింటిదాకా ఉండి కళ్లు తిరిగి పడిపోవడం భక్తి అనిపించుకోదు.

అన్నదమ్ములు ఆస్తి పంచుకుని విడిపోతే ఎవరి తద్దినం వాళ్లు పెట్టాలి. కలిసి ఉంటే పెద్దవాడు పెడితే అందరిదీ. డాలస్ తమ్ముడి ప్రశ్నకి సమాధానం ఇదే: వేరింటి కాపురమైతే డబ్బు పంపడం సరిపోదు, పైన చెప్పిన మెట్లలో తనకి కుదిరినదాన్ని అక్కడే చేయాలి. కొడుకులు లేని ఇంట భార్య, కూతురు, కూతురి కొడుకు చేయవచ్చని ధర్మశాస్త్రాల కర్తల వరసల్లోనే ఉంది. కూతురు ఉండగా దూరపు దాయాది కోసం వెతకడం శాస్త్రం మీద గౌరవం కాదు, ఊళ్లోవాళ్ల మాటకి భయం.

బతికున్న తల్లిని నెలకొకరు వంతులేసుకుని చూస్తూ, పోయిన తండ్రికి ఘనంగా తద్దినం పెట్టే ఇళ్లున్నాయి. గౌతమ ధర్మసూత్రం ఎనిమిదో అధ్యాయం నలభై సంస్కారాలు లెక్కపెట్టి, ఆ వెంటనే ఎనిమిది ఆత్మగుణాలు చెబుతుంది: అన్ని ప్రాణుల మీద దయ, ఓర్పు, అసూయ లేకపోవడం, శుచి, శరీరాన్ని అతిగా కష్టపెట్టకపోవడం, మంగళప్రవర్తన, లోభం లేకపోవడం, ఆశ లేకపోవడం. నలభై సంస్కారాలూ ఉండి ఈ ఎనిమిదీ లేనివాడికి బ్రహ్మసాయుజ్యం లేదు, సంస్కారాల్లో కొన్నే ఉన్నా ఈ ఎనిమిదీ ఉన్నవాడికి ఉంది అని తేల్చింది. తద్దినం ముందు వారం ఇంట్లో ఎవరితోనైనా మాటలు లేకపోతే మొదట ఆ ఫోన్ చేయండి.

శ్రద్ధకు చోటు

మంత్రం అర్థం తెలియక చేసే తద్దినంలో కర్త మనసు గడియారం మీద ఉంటుంది. పురోహితుణ్ణి ముందురోజు అరగంట కూర్చోబెట్టుకుని సంకల్పం, తిలోదకం, "తృప్తులయ్యారా" అని అడిగే ఘట్టం, చివరి ఆశీర్వచనం, ఈ నాలుగింటికి తెలుగులో అర్థం చెప్పించుకోండి. మొత్తం మంత్రభాగం అర్థం ఒకేసారి అడిగితే ఆయనకూ తీరదు, మీకూ నిలవదు. మరుసటి ఏడు ఇంకో రెండు.

దేవుడి మీద, పరలోకం మీద నమ్మకం కుదరని తమ్ముణ్ణి పీట మీద బలవంతంగా కూర్చోబెట్టకండి. వడ్డన అప్పగించండి, లేదా ఆ రోజు అన్నదానం పని అప్పగించండి. భోజనాలయ్యాక అమ్మ గురించి పిల్లలకి చెప్పమనండి. ఎంతోమంది ఆ మాటల్లోంచే మళ్లీ తద్దినం దగ్గరికి వస్తారు. రాకపోయినా అన్నదమ్ములు ఒక కప్పుకింద ఉంటారు.

తెలంగాణలో పెత్తరమాస నాడు అయ్యగారికి బియ్యం ఇచ్చి పెద్దల పేర్లు చెప్పుకునే ఇళ్లకి, కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టుకునే ఇళ్లకి కూడా ఈ మూడు గుర్తుల పద్ధతి పనికొస్తుంది. అక్కడ విధి చాలా చిన్నది: పేరు తలవడం, నీళ్లు వదలడం, ఇవ్వడం. మిగిలిందంతా ఆచారమూ శ్రద్ధే కాబట్టి, భారమైతే తగ్గించుకోవడానికి చోటు ఇంకా ఎక్కువ.

పుస్తకంలో రాసి ఉంచాల్సినవి

తద్దినం అయిన సాయంత్రమే ఒక నోట్‌బుక్‌లో రాయండి: పోయిన తేదీ, గంటలు నిమిషాలతో సమయం, ఊరు, మాసం, పక్షం, తిథి, గోత్రం, సూత్రం, మూడు తరాల మగ, ఆడ పేర్లు, ఈ ఏడు ఏ తేదీన పెట్టారు, ఏ మెట్టు ప్రకారం పెట్టారు, వంట కొలతలు, ఏది మిగిలింది, ఏది చాలలేదు, ఆచారంలో ఏదైనా తగ్గిస్తే ఏది, ఎందుకు, ఎవరెవరు ఒప్పుకున్నారు. ఈ ఆఖరి మాట రాయకపోతే మూడేళ్ల తరవాత "నాన్నగారి హయాంలో ఇలా లేదే" అని మళ్లీ మొదటికొస్తుంది. పేజీలు ఫోటో తీసి అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి అందరికీ పంపండి.